నాన్నగారి పాత స్పీకర్లు: బాగు చేయించాలా, కొత్తవి కొనాలా?

ప్రశ్న: మా నాన్నగారు పాతికేళ్ల కిందట ఇష్టపడి కొనుక్కున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఇప్పుడు నా దగ్గరికి వచ్చాయి. ఒక్కో దానిలో కింద ఒక పెద్ద స్పీకర్, పైన ఒక చిన్నది ఉన్నాయి. కొన్నాళ్లు బాగానే పాడాయి. ఇప్పుడు ఎడమది బేస్ వచ్చినప్పుడల్లా గరగరమంటోంది. కుడిదానిలో గరగర లేదు కానీ దుప్పటి కప్పి పాడించినట్టుంది. ముందున్న జాలీ తీసి చూస్తే పెద్ద స్పీకర్ చుట్టూ ఉన్న నల్ల స్పాంజి పట్టీ అక్కడక్కడా చిరిగింది, వేలు పెడితే పొడిగా రాలి చేతికి అంటుకుంటోంది. అన్నయ్యేమో ఇంత పాతవాటి మీద ఒక్క రూపాయి పెట్టినా దండగే, పారేసి కొత్తవి కొనుక్కో అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నాన్న గుర్తు కదా అని డబ్బు తగలేస్తున్నానా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పేస్తాను. లేదండీ, తగలెయ్యట్లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఎడమ స్పీకర్‌కి వచ్చిన జబ్బు ఆ కాలం నాటి స్పీకర్లలో అన్నిటికన్నా మామూలుగా వచ్చేదీ, అన్నిటికన్నా తేలిగ్గా నయమయ్యేదీను. కుడిదాని సంగతి మాత్రం ఒక చిన్న పరీక్ష చేస్తే గానీ తేలదు, అదెలా చేయాలో కింద రాస్తాను. ఆ పరీక్ష అయ్యేదాకా పాత వాటిని పారేయకండి, కొత్త వాటిని కొననూ కొనకండి.

అన్నయ్య మాటలో నాకు నచ్చనిది ఒక్కటే, "ఇంత పాతవి" అనడం. ఫోన్‌కి, కంప్యూటర్‌కి వయసుతో లెక్క కట్టొచ్చు. ఆంప్ (పాటకి బలమిచ్చే యాంప్లిఫయర్) బయట ఉండే మామూలు స్పీకర్‌కి ఆ లెక్క కుదరదు. అయస్కాంతం మధ్యలో ఒక తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన ఒక కోన్, కరెంటు వస్తే చుట్ట ముందుకీ వెనక్కీ కదలడం, అంతే కదా స్పీకర్ అంటే. ఈ రూపాన్ని జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1925లో లోకానికి చూపించారు. ఇవాళ కొత్తగా కొనే స్పీకర్లోనూ ఉన్నది అదే. ఏ వూఫర్‌కి, అంటే కిందుండే పెద్ద స్పీకర్‌కి, ఎంత పెట్టె కావాలో లెక్క కట్టే సూత్రాలు కూడా 1961లో నెవిల్ థీల్, తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ రాసిన పత్రాలతోనే ఓ కొలిక్కి వచ్చేశాయి. అంటే మీ నాన్నగారు కొన్న నాటికి ఈ విద్య బాగా ముదిరిపోయి ఉంది. పాతికేళ్ల కిందట శ్రద్ధగా చేసిన స్పీకర్ ఇవాళ చవగ్గా చేసిన స్పీకర్ కన్నా బాగా పాడితే అందులో వింతేమీ లేదు.

స్పీకర్ ఎందుకు చస్తుందంటే, దాని లోపలి భాగం ఒకటి పోయి, అలాంటిది మళ్లీ దొరకనప్పుడు. యమహా ఎన్‌ఎస్-10 అనే తెల్ల కోన్ స్పీకర్ 1978లో వచ్చింది, రికార్డింగ్ స్టూడియోల్లో మిక్సింగ్ బల్ల మీద ఏళ్ల తరబడి అదే కనిపించేది. దాన్ని 2001లో ఆపేశారు. కారణం ఏమిటంటే ఆ తెల్ల కోన్‌కి వాడే కాగితపు గుజ్జు దొరకడం మానేసింది. అంత పేరున్న స్పీకర్‌కే అలా అయిందంటే మీరూ నేనూ చూసుకోవాల్సింది కూడా అదే: ఏ భాగం పోయింది, అది మళ్లీ దొరుకుతుందా.

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది, మొహమాటం లేకుండా ఆలోచించండి. ఇవి బాగా ఉన్న రోజుల్లో వీటి పాట మీకు నచ్చిందా? నాన్న కూర్చుని వింటుంటే పక్కన కూర్చుని విన్న జ్ఞాపకం కాదు నేనడిగేది, ఆ శబ్దం నచ్చిందా అని. నచ్చని స్పీకర్‌ని బాగు చేయిస్తే బాగుపడిన నచ్చని స్పీకరే చేతికొస్తుంది. మీరు "కొన్నాళ్లు బాగానే పాడాయి" అని రాశారు కాబట్టి నచ్చిందనే అనుకుని ముందుకెళ్తాను.

సరే, పరీక్షలు. మొట్టమొదట స్పీకర్లను అనుమానించడం మానేసి తీగలను మార్చి చూడండి. ఆంప్ ఆపేసి, ఎడమ స్పీకర్ వెనకున్న తీగ తీసి కుడి స్పీకర్‌కి, కుడిది ఎడమదానికి పెట్టండి, ఎరుపు ఎరుపుకే నలుపు నలుపుకే ఉండాలి. మళ్లీ అదే పాట పెట్టండి. గరగర అదే పెట్టెలోనుంచి వస్తుంటే తప్పు పెట్టెది. గరగర పక్క పెట్టెలోకి మారిపోతే తప్పు ఆంప్‌దో తీగదో. మీ ఎడమదానికి చిరిగిన స్పాంజి కంటికే కనబడుతోంది కాబట్టి దాని గురించి పెద్దగా అనుమానం లేదు, కానీ కుడిదాని మందకొడితనం ఆంప్ తాలూకుది కూడా కావచ్చు. ఆంప్ మీద బ్యాలెన్స్ మీటనో, సెలెక్టర్ మీటనో లోపల తుప్పు పట్టి ఒక వైపు శబ్దం నీరసంగా వస్తుండటం చాలాసార్లు చూశాను. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా స్పీకర్లు రిపేరుకి మోసుకెళ్లి, అక్కడ శుభ్రంగా పాడుతుంటే తెల్లమొహం వేసినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఎడమ స్పీకర్. కోన్ చుట్టూ ఉన్న ఆ పట్టీని సరౌండ్ అంటారు, మీదేమో ఫోమ్‌తో చేసినది. పాలీయూరిథేన్ ఫోమ్‌ని గాలిలో తేమా ఆక్సిజనూ కలిసి మెల్లగా విరగ్గొడతాయి, ఎండ తగిలితే ఇంకా తొందరగా. పదేళ్లకో ఇరవై ఏళ్లకో అది ముందు జిగటగా, తర్వాత పొడిగా అయిపోతుంది. వాడినా అంతే, అట్టపెట్టెలో దాచినా అంతే. అందుకే "ఎక్కువ వాడలేదు, కొత్తవాటిలా ఉన్నాయి" అని ఎవరైనా పాత స్పీకర్లు అమ్మజూపితే జాలీ తీసి ఫోమ్ చూడందే నమ్మకూడదు. రబ్బరు సరౌండ్లకూ గుడ్డ సరౌండ్లకూ ఈ బాధ చాలా తక్కువ.

పట్టీ చిరిగిందంటే కోన్‌ని నిలబెట్టే రెండు ఆధారాల్లో ఒకటి పోయినట్టు. రెండోది వెనకాల ఉండే స్పైడర్, ముడతలు ముడతలుగా ఉండే గుడ్డ చక్రం, అది మామూలుగా గట్టిదే. ఒక ఆధారం మీదే వేలాడుతూ బేస్ వచ్చినప్పుడల్లా కోన్ పక్కకి ఒరుగుతుంది, తీగచుట్ట అయస్కాంతం గోడకి రాసుకుంటుంది. మీరు వింటున్న గరగర సగం చిరిగిన ఫోమ్ కొట్టుకోవడం, సగం ఈ రాపిడి అయి ఉంటుంది. రాపిడి ఎక్కువ రోజులు సాగితే తీగ మీద పూత లేచిపోయి చుట్టే పాడవుతుంది, అప్పుడు చిన్న రిపేరు పెద్దదవుతుంది. అందుకని ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి, నేను చెప్పే పరీక్షలకి కాసేపు తప్ప, ఆ జతను ఆపి ఉంచండి, చిన్న శబ్దంతో కూడా వద్దు.

చుట్ట బతికుందో లేదో ఇలా తెలుస్తుంది. రెండు చేతుల వేళ్లూ కోన్ మీద ఎదురెదురుగా, మధ్యనున్న గుండ్రటి మూతకి దగ్గరగా ఆనించి, సమంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వినండి. మెత్తగా వెళ్లి మెత్తగా వస్తే శుభం. ఇసుక కాగితం గీకినట్టు చప్పుడు వస్తే కంగారు పడకండి, ఫోమ్ లేని కోన్ కిందికి జారి ఉండటం వల్ల కూడా అలా గీసుకుంటుంది. వేళ్లతో కోన్‌ని కొద్దిగా పైకి ఎత్తి, నడిమికి తెచ్చి మళ్లీ నొక్కండి. ఏదో ఒక చోట గీకుడు పూర్తిగా ఆగిపోతే చుట్ట బాగానే ఉందన్నమాట. ఎటు జరిపినా గీకుతూనే ఉంటే చుట్ట ఉబ్బడమో కాలడమో జరిగింది, ఆ వూఫర్ ఇక ఫోమ్‌తో బాగుపడదు.

మల్టీమీటర్ ఉంటే, లేకపోతే అప్పు తెచ్చుకునైనా, ఓమ్‌ల మీద పెట్టి స్పీకర్ వెనక టెర్మినళ్ల మధ్య కొలవండి, తీగలు తీసేశాక. 8 ఓమ్‌ల స్పీకర్ అని రాసి ఉంటే మీటర్ మామూలుగా 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లది అయితే 3 నుంచి 3.5 దాకా. తక్కువ చూపిస్తోందని భయపడొద్దు, మీటర్ కొలిచేది నేరు కరెంటుకి (డీసీకి) ఎదురయ్యే నిరోధం, పెట్టె మీద రాసేది పాట నడిచేటప్పటి లెక్క. రెండు పెట్టెల అంకెలూ దాదాపు ఒకటే రావాలి. ఏమీ చూపించకపోతే వూఫర్ చుట్టో, దాని దారిలో ఏదో ఒకటో తెగింది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. వెనక టెర్మినళ్ల దగ్గర మంచి అంకె వచ్చింది కదా, అంతా బాగుంది అనుకుంటారు. ఆ అంకె వూఫర్‌ది మాత్రమే. పైనున్న చిన్నదానికి, అంటే ట్వీటర్‌కి, ముందు ఒక కెపాసిటర్ కాపలా ఉంటుంది, అది నేరు కరెంటుని పోనివ్వదు కాబట్టి మీటర్‌కి ట్వీటర్ కనబడదు. చచ్చిన ట్వీటర్ ఉన్న పెట్టె కూడా మీటర్ ముందు ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఇలా కుడి స్పీకర్ దగ్గరికొచ్చాం. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఇంకో కొస ట్వీటర్‌కి కాస్త దూరంగా పెట్టి చిన్న శబ్దంతో ఒక గొంతు ఉన్న పాట వినండి (అర నిమిషం, అదీ కుడిది ఒక్కటే, ఎడమ తీగ తీసేసి). గొట్టం ట్వీటర్ ముందు ఉన్నప్పుడు స, శ, చ లాంటి అక్షరాలు సన్నగా చురుగ్గా వినబడాలి. ఏమీ రాకపోతే ట్వీటర్ చచ్చింది, లేదా దానికి కరెంటు అందట్లేదు. వస్తోంది కానీ నీరసంగా వస్తోందంటే ఇంకో రెండు కారణాలు. ఒకటి, కెపాసిటర్ ముసలిదైపోవడం. రెండు, ట్వీటర్ లోపల చుట్టను చల్లగా ఉంచడానికి పోసే ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంతపు నూనె ఏళ్లు గడిచి గడ్డకట్టి చుట్టను పట్టేసుకోవడం.

ఏది నిజమో తేల్చడానికి అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ట్వీటర్లను అటూ ఇటూ మార్చడం. రెండు పెట్టెల ట్వీటర్లూ విప్పి, ఎడమది కుడి పెట్టెలో, కుడిది ఎడమ పెట్టెలో పెట్టి వినండి. మందకొడితనం ట్వీటర్‌తో పాటు పక్క పెట్టెలోకి వెళ్లిపోతే తప్పు ట్వీటర్‌ది. ట్వీటర్ మారినా కుడి పెట్టె అలాగే మందంగా ఉంటే తప్పు లోపలి క్రాసోవర్‌ది (బేస్‌ని వూఫర్‌కీ, సన్నని స్వరాలను ట్వీటర్‌కీ విడదీసి పంపే సర్క్యూట్), చాలావరకు ఆ కెపాసిటర్‌ది. విప్పే ముందు ఏ తీగ ఏ కొసకి ఉందో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. విప్పాక మల్టీమీటర్‌తో ట్వీటర్ రెండు కొసలూ నేరుగా కొలవండి, రెండు ట్వీటర్లకూ ఒకే అంకె రావాలి. ఒకదానికి వచ్చి ఇంకోదానికి రాకపోతే ఇక వెతకక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ విషయంలో మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. స్పీకర్ మధ్యలో ఉన్నది బలమైన అయస్కాంతం. స్క్రూ మీద నుంచి చేయి కాస్త సడలిందంటే స్క్రూడ్రైవర్ మొన నేరుగా కోన్ మధ్యలోకో, ట్వీటర్ మధ్యనుండే గుండ్రటి బుడిపె, అంటే డోమ్‌లోకో లాక్కుపోతుంది, చూస్తుండగానే. మందపాటి అట్టముక్క ఒకటి కోన్‌కీ మీ చేతికీ మధ్య అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొన దగ్గర పట్టుకుని విప్పండి. గుడ్డ డోమ్ అయితే చిన్న సొట్ట పడినా పెద్ద నష్టం లేదు, చాలావరకు సర్దుకుంటుంది. లోహపు డోమ్‌కి పడిన సొట్ట మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇక తీర్పు చెప్పుకుందాం.

తప్పు ఫోమ్‌ది మాత్రమే అయితే బాగు చేయించండి, ఇందులో నాకు రెండో మాట లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే అవుతుంది ఆ జతను పారేయడం. కొత్త ఫోమ్ పట్టీలు, జిగురుతో కలిపి జతగా దొరుకుతాయి. మీరే చేసుకోవచ్చు, ఓపికున్న పని, కష్టమైన పని కాదు. పాత ఫోమ్‌నీ పాత జిగురునీ పూర్తిగా గీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడంలోనే సగం శ్రమ, ఒక సాయంత్రం దానికే పోతుంది. కోన్ కాగితానిది అయితే గుడ్డని తడిపి పిండి తుడవాలి, కారేలా పోయకూడదు. కొత్త పట్టీని ముందు కోన్‌కి అతికించి బాగా ఆరనిచ్చి, తర్వాత చట్రానికి అతికించాలి. ఆ రెండో జిగురు పచ్చిగా ఉండగానే కోన్‌ని వేళ్లతో నొక్కుతూ, గీకుడు ఏ మాత్రం వినబడని చోట నిలబెట్టాలి. నేను ఆ సమయంలో వూఫర్‌కి 30 హెర్ట్జ్ శబ్దాన్ని చాలా చిన్నగా ఇస్తాను. కోన్ మెల్లగా ఊగుతూ తన నడిమిని తనే వెతుక్కుంటుంది, రాసుకుంటే వెంటనే చెవికి తెలుస్తుంది. తర్వాత 24 గంటలు ముట్టుకోకండి.

కొనేటప్పుడు "ఆరున్నర అంగుళాల వూఫర్‌కి పట్టీ" అని అడిగితే పొరపాటే. ఆరున్నర అంటే ఒకరికి చట్రం కొలత, ఇంకొకరికి మరలబెజ్జాల మధ్య దూరం. కోన్ అంచు వ్యాసం, పట్టీ లోపలి వ్యాసం, బయటి వ్యాసం, ఉబ్బుగా ఉన్న గుండ్రటి భాగం వెడల్పు, ఈ నాలుగూ మిల్లీమీటర్లలో కొలిచి వాటితో పోల్చుకుని కొనండి. ఫోమ్ ఉన్నచోట రబ్బరు వేయిస్తే ఇక ఎన్నటికీ పాడవదు కదా అని కొందరు సలహా ఇస్తారు. వద్దనే చెబుతాను. రబ్బరు బరువు, బిగువు వేరు, దాంతో వూఫర్ సహజంగా ఊగే వేగం మారిపోతుంది, ఆ వేగాన్ని బట్టి లెక్క కట్టిన పెట్టెతో పొంతన తప్పుతుంది. ఫోమ్ మళ్లీ పదీ పదిహేనేళ్లు వస్తుంది, చాలదూ?

పైగా రెండు వైపులా వేయించాలి. కుడి వూఫర్ ఫోమ్ ఇంకా చిరగలేదని వదిలేయొద్దు, దాని వయసూ అదే. ఇది నాకు అనుభవం నేర్పింది. నా జతలో ఒకదానికే ఫోమ్ పోతే రిపేరు చేసేచోట ఇచ్చాను. వాళ్లు ఆ ఒక్కదానికి, దొరికిన గట్టి పట్టీ ఏదో వేసి ఇచ్చారు. గరగర పోయింది, సంతోషించాను. రెండు నెలల పాటు ఏ పాట విన్నా ఏదో వెలితి, గాయని నడి మధ్యలో నిలబడకుండా కొంచెం పక్కకి జరిగి పాడుతున్నట్టు. నా చెవులే మందగిస్తున్నాయేమో అనుకున్నాను. చివరికి ఆంప్‌ని మోనోలో పెట్టి ఒకే గొంతుని రెంటిలోనూ వింటే బయటపడింది, బేస్ ఒక వైపు పలచగా ఉంది. మళ్లీ విప్పించి రెంటికీ ఒకే రకం మెత్తటి పట్టీలు వేయించాక గొంతు మధ్యకొచ్చింది. మీరు కూడా పని అయ్యాక ఈ మోనో పరీక్ష చేయకుండా స్పీకర్లు బాగయ్యాయని అనుకోకండి. గొంతు రెండు పెట్టెల సరిగ్గా మధ్యలో గాలిలో వేలాడుతున్నట్టు వినబడాలి. మధ్యలో ఏమీ లేకుండా చెవుల పక్కల చెదిరిపోయి, బేస్ మాయమైపోతే ఎక్కడో ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి.

తప్పు కెపాసిటర్‌ది అయితే అది కూడా బాగు చేయించాల్సిందే, ఫోమ్ కన్నా చిన్న పని. క్రాసోవర్‌లో వాడేది ధ్రువాలు లేని కెపాసిటర్, దాని మీద 4.7 అనో 6.8 అనో మైక్రోఫారడ్ల విలువ రాసి ఉంటుంది. అదే విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజిది వేయించండి, రెండు పెట్టెల్లోనూ. మామూలు రేడియో, టీవీల్లో వాడే ప్లస్ మైనస్ ఉన్నది వేయనివ్వకండి. ఫిల్మ్ రకం వేయిస్తే ఇక ఎండిపోయే బాధ ఉండదు, కాకపోతే ట్వీటర్ శబ్దం పాతదానికన్నా కాస్త చురుగ్గా అనిపించవచ్చు. అలా అనిపించి మీకు నచ్చకపోతే ఒక చిన్న రెసిస్టర్‌తో సర్దొచ్చు.

ఫెర్రోఫ్లూయిడ్ గడ్డకట్టి ఉంటే, ట్వీటర్ ముందు పలక మరలతో ఊడేదైతే శుభ్రం చేసి కొత్త నూనె వేయొచ్చు. అది అలవాటున్న చేతి పని, తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. మొదటిసారి మీరు పెట్టుకోవద్దు.

తప్పు ట్వీటర్ చుట్టదే అయితే, అంటే కాలిపోయి ఉంటే, ఇక్కడే మీరు ఆగి ఆలోచించాలి. ట్వీటర్ వెనక అయస్కాంతం మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుది, లేదా దాన్ని చేసినవాళ్లే దాని బదులు వాడమని చెప్పింది దొరికితే వేయించండి. కొన్ని డోమ్ ట్వీటర్లకి డోమూ చుట్టా కలిపి విడిగా దొరుకుతాయి, ఇంకా మంచిది. దొరక్కపోతే "ఒక అంగుళం ట్వీటరే కదా, ఏదైనా సరిపోతుంది" అనే మాట నమ్మొద్దు. ఒకే సైజు ట్వీటర్లు ఒకే వాట్‌కి వేర్వేరు గట్టిదనంతో పాడతాయి. మీ పాతది 87 డెసిబెళ్లది అయి కొత్తది 90ది అయితే ఆ 3 డెసిబెళ్ల తేడా అంటే దానికి రెట్టింపు పవరు ఇచ్చినట్టే, స అక్షరం వినబడ్డప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఓమ్‌లు మారితే క్రాసోవర్ కోసే చోటు కూడా మారుతుంది. అదే మోడల్ పాత జత ఇంకొకటి ఎక్కడైనా విడిభాగాలకి దొరుకుతుందేమో చూడండి. అదీ దొరక్కపోతే అప్పుడు మాత్రం అన్నయ్య మాట వినడమే మంచిది.

ట్వీటర్ కాలి ఉంటే ఎందుకు కాలిందో కూడా చూసుకోవాలి, లేకపోతే కొత్తదీ కాలుతుంది. పెద్ద ఆంప్ పెట్టడం వల్ల కాలుతుందని అందరూ అనుకుంటారు. ఇళ్లలో ఎక్కువగా జరిగేది దానికి వ్యతిరేకం: చిన్న ఆంప్‌ని దాని శక్తికి మించి తిప్పితే అలల తలలు నరికినట్టు శబ్దం చదునైపోతుంది, ఆ చదును అంచుల్లోనుంచి పుట్టే పై స్వరాల భారమంతా కొన్ని వాట్లే మోయగలిగిన ట్వీటర్ మీద పడుతుంది. శబ్దం గరుకుగా మారిందంటే వెంటనే తగ్గించండి.

ఇక పెట్టె. వేళ్ల కణుపులతో చుట్టూ తట్టి చూడండి. అన్ని వైపులా గట్టిగా పొట్టిగా మోగితే బాగుంది. చెక్కపొట్టు పలకతో చేసిన పెట్టె అడుగు తేమకి ఉబ్బి, పొరలు విచ్చుకుని, మరలు బిగిస్తే పట్టు దొరక్క తిరుగుతుంటే మాత్రం లోపలివి ఎంత బాగున్నా ఆ జత మీద ఖర్చు పెట్టమని చెప్పలేను. లోపలి స్పీకర్లు తీసి వేరే పెట్టెలో పెడదామా అని కొందరికి ఆశ పుడుతుంది. లోపలి ఘనపరిమాణం, పెట్టెకి గాలి ఆడే గొట్టం ఉంటే దాని పొడవు అచ్చం అలాగే ఉంటేనే అది పాత స్పీకర్ అవుతుంది. ఖాళీ పెట్టె బాగుంది కదా అని అందులో కొత్త వూఫర్లు ఇరికించడమూ ఇదే పొరపాటు, తిరగేసి చేసినట్టు.

ఖర్చు లెక్కకి నేను పెట్టుకున్న కొలబద్ద ఇది: వీటితో సమానంగా పాడే కొత్త జతకి ఇవాళ ఎంతవుతుందో చూడండి, రిపేరు అందులో సగం దాటితే కొత్తవి కొనండి. మీ నాన్నగారు అప్పట్లో ఎంతకి కొన్నారో దానితో పోల్చొద్దు. "సమానంగా పాడే" అన్న మాట కూడా ముఖ్యం. కొనేచోట విన్నప్పుడు రెండూ ఒకే గట్టిదనంతో పెట్టించి వినండి, కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపించడం ప్రతి చెవికీ ఉన్న బలహీనత. అక్కడ వేసే మెరుపు పాటలు కాకుండా మీరు వందసార్లు విన్న పాట తీసుకెళ్లండి, అందులో గొంతు మీకు తెలిసిన మనిషి గొంతులా ఉందో లేదో చూసుకోండి.

కొత్తవాటిలో మేలు లేదని కాదు. కంప్యూటర్ లెక్కల పుణ్యమా అని క్రాసోవర్లు, పెట్టెలు, ట్వీటర్ చుట్టూ ఉండే గిన్నె ఆకారం బాగా మెరుగయ్యాయి, గదిలో ఏ మూల కూర్చున్నా పాట ఇంచుమించు ఒకేలా వినిపించేవి ఇప్పుడు చాలా ఉన్నాయి. కానీ కొంటే ఆంప్ లోపలే ఉండే రకం కొంటున్నారా, బయట ఉండే రకమా అన్నది తెలిసి కొనండి. లోపలే ఉండేవి తీగల గొడవ లేకుండా సౌకర్యంగా ఉంటాయి, నిజమే. అయితే వాటిలో ముందు పోయేది కోన్ కాదు, సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డు ఆ మోడల్‌కే చేసింది. కొన్నేళ్లయ్యాక అది దొరక్కపోతే నిక్షేపంలాంటి వూఫర్లు మూగగా కూర్చుంటాయి. మీకు ఇప్పటికే పనిచేసే ఆంప్ ఉంది కాబట్టి మీ చోట నేనైతే బయట ఆంప్ ఉండే రకమే ఎంచుకుంటాను.

నాన్న గుర్తు అనే మాటని మీరు తప్పు చేసినట్టు రాశారు, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఒకవేళ ట్వీటర్ దొరక్క కొత్తవే కొనాల్సి వచ్చినా, పాత జత వూఫర్లకి ఫోమ్ వేయించి దాచుకోండి, అదే నంబరు ట్వీటర్ రెండేళ్లకో మూడేళ్లకో ఎవరో అమ్మకానికి పెట్టొచ్చు. నిలబెట్టి దాచండి, జాలీలు పెట్టి, ఎండా తేమా తగలనిచోట. వూఫర్లు ముఖం పైకి పెట్టి ఏళ్ల తరబడి పడుకోబెడితే కోన్ బరువుకి స్పైడర్ కుంగుతుంది.

ఇప్పటికి మీ పని: తీగలు మార్చి వినడం, ఎడమ కోన్ నొక్కి చూడటం, ట్వీటర్లు అటూ ఇటూ మార్చడం. రెండు ట్వీటర్ల ఓమ్ అంకెలూ, వాటి వెనకున్న నంబరూ, వూఫర్ పట్టీ నాలుగు కొలతలూ రాసి పంపండి. ఏ పట్టీ సరిపోతుందో చూసి చెబుతాను.